క్రిమి లేని కడుపు

నేను ఒక ఎండోస్కోపును. చిటికెన వేలంత లావున్న నల్లటి గొట్టాన్ని. నా కొసన ఒక దీపం, దాని పక్కన ఒక కన్ను ఉంటాయి. జపానులో, దుమ్ము జొరబడని గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు నన్ను కూర్చారు. నేను చూసిన శుభ్రమంతా అక్కడే. ఆ తర్వాత నన్ను మనుషుల కడుపుల్లోకి పంపించారు.

మొదట హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి నన్ను కొన్నది. దసరాకి అక్కడివాళ్ళు నా కంటి మీద కుంకుమ బొట్టు పెట్టారు. మర్నాడు ఏమీ కనపడడం లేదని కంపెనీవాణ్ణి పిలిపించారు. అంతటి తెలివిగలవాళ్ళకు కొన్నేళ్ళు చాకిరీ చేశాను. నాకంటే కొత్తది రాగానే అమ్మేశారు. గుంటూరులో చిన్న ఆసుపత్రి పెట్టుకున్న డాక్టర్ రుక్సానా నన్ను కొనుక్కుంది. ఆమె రోగులతో మాట్లాడే గదిలోనే, అద్దాల బీరువాలో వేలాడేవాణ్ణి.

మనుషులంటే నాకు చులకన. ముఖాన్ని అస్తమానం అద్దంలో చూసుకుంటారు. కడుపు ఏళ్ళ తరబడి మండుతున్నా, "గ్యాసు" అని ఒక్క మాటతో దాని నోరు మూయిస్తారు. మందుల షాపులో దొరికే గులాబీ రంగు నీళ్ళు తాగి, ఒకసారి తేన్చి, వైద్యం అయిపోయిందనుకుంటారు. అలాంటివాళ్ళందరిలోకీ భావన్నారాయణ నాకు బాగా గుర్తుండిపోయాడు.

అతనికి చీరాలలో బట్టల దుకాణం. వయసు యాభై దాటింది. చెల్లెలు సుందరవల్లి అదే వీధిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వాళ్ళ నాన్న కడుపులో క్యాన్సరుతో పోయాడు. కర్మకాండలు అయ్యాక, ఆయనకు వైద్యం చేసిన రుక్సానా ఇద్దరినీ పిలిపించి రక్తపరీక్ష చేయించుకోమంది.

కడుపులో కాపురం పెట్టి ఏళ్ళ తరబడి లోపలి పొరను పాడుచేసే బ్యాక్టీరియా ఒకటుందని, అది చిన్నతనంలోనే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని, రక్తంలో దాని జాడ తెలుస్తుందని చెప్పింది. పెప్సినోజెన్ అనేదాన్ని కూడా కొలుస్తామంది. అది కడుపు పొరలో తయారవుతుంది. పొర అరిగేకొద్దీ రక్తంలో తగ్గిపోతుంది.

ఫలితాలు వచ్చాయి. సుందరవల్లికి బ్యాక్టీరియా ఉంది, పొర మాత్రం బాగానే ఉన్నట్టుంది. ఆమె కళ్ళు తుడుచుకుంది. భావన్నారాయణ రక్తంలో బ్యాక్టీరియా జాడ లేదు. ఆ మాట చెవిన పడగానే అతను భార్యకు ఫోను చెయ్యబోయాడు.

"ఫోను తర్వాత చేద్దురు గాని. ఇది సంతోషపడే సంగతి కాదు" అంది రుక్సానా. "మీ పెప్సినోజెన్ బాగా పడిపోయింది. పొర మరీ అరిగిపోతే ఆ క్రిమి కూడా అక్కడ బతకలేదు, అందుకే కనపడడం మానేస్తుంది. మీ ఇద్దరిలో నాకు మీ గురించే భయం. ఒకసారి గొట్టం వేసి చూద్దాం."

"లేనిదానికి గొట్టం దేనికండీ డాక్టరమ్మా? ఉన్నది మా చెల్లెలికి గదా, దాని సంగతి చూడండి."

దుకాణంలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడట. తన రక్తం మంచిదని వచ్చినవాడికల్లా చెప్పాడట. చెల్లెలు ఇంటికొస్తే, "వల్లీ, నీ గ్లాసు ఆ గూట్లో పెట్టించా, దాంట్లో తాగు" అన్నాడట. ఇవన్నీ ఆమె డాక్టరుతో చెప్పుకుంటుంటే విన్నాను. క్రిమిని చంపడానికి ఇచ్చిన మందులకు నోరు చేదై, అన్నం సయించక అవస్థ పడింది గాని, ఒక్క బిళ్ళా మానలేదు. తర్వాత చూస్తే క్రిమి పోయింది. అప్పటి నుంచి గొట్టం వేయించుకోమని అన్న వెంట పడింది. అతను ప్రతిసారీ నవ్వేశాడు.

మూడేళ్ళకు అతనే వచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. విరేచనం తారులా నల్లగా అవుతోందన్నాడు. నన్ను లోపలికి దించారు. పొర పాత గుడ్డలా పలచబడి, కింద రక్తనాళాలు పైకి కనపడుతున్నాయి. కిందిభాగాన, అంచులు లేచిన పెద్ద పుండు. రుక్సానా నన్ను దాని చుట్టూ రెండుసార్లు తిప్పి చూసింది.

మత్తు దిగాక, ఇది వాళ్ళ నాన్నకొచ్చిన జబ్బులానే ఉందని చెప్పారు.

"క్రిమి లేదన్నారు గదండీ" అన్నాడు.

"అవునండీ. లేదు" అంది రుక్సానా.

సుందరవల్లి తన సీసాలో నీళ్ళు అతని నోటికి పట్టింది. అన్న గుటకలు వేస్తుంటే, గడ్డం మీద కారిన నీళ్ళు కొంగుతో తుడిచింది. అంతవరకూ నేను అతన్ని ఈసడించుకుంటూనే ఉన్నాను. అప్పుడు మాత్రం చూడలేకపోయాను.

జబ్బు కాలేయానికి పాకింది. కత్తి పెట్టడానికి వీల్లేదన్నారు. ఎండాకాలం రాకముందే పోయాడు.

కొన్నాళ్ళకు సుందరవల్లి అతని కూతురు హైమను లాక్కొచ్చింది. ఆ పిల్ల రక్తంలోనూ బ్యాక్టీరియా జాడ ఉంది, పెప్సినోజెన్ కాస్త తగ్గింది. "నాకేం లేదత్తా, శుభ్రంగా తింటున్నా" అని దారి పొడుగునా సాధించిందట. అదే గొంతు, అదే ధీమా. నన్ను దించేదాకా మేనత్త ఆమె మణికట్టు వదల్లేదు.

లోపల కొద్దిగా ఎర్రబడింది, అంతే. "పొర ఇంకా బాగానే ఉంది. మందులు వాడితే చాలు" అంది రుక్సానా.

హైమ సంచీ అందుకుంది. సుందరవల్లి ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఇంకేమన్నా ఉంటే అదీ చెప్పండి డాక్టరమ్మా. అంతా విన్నాకే లేస్తాం."

ఆ ఏడే నా తొడుగు చిట్లి, లోపలికి తడి చేరింది. బాగుచెయ్యడం దండగన్నారు. ఇప్పుడు విరిగిన కుర్చీలతో పాటు ఆసుపత్రి మెట్ల కింద పడున్నాను. మనుషుల మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. సుందరవల్లి ఒక్కతెను మాత్రం వాళ్ళలో కలపను.