ఆయన వెనక చీమల బారు

గడియారాలు బాగుచేసే ఆయన పొద్దున్నే దుకాణానికి బయల్దేరితే, వెనకాలే చీమల బారు కూడా బయల్దేరేది. ఒంట్లో షుగర్ ఉన్నవాళ్ళ వెనక చీమలు నడవడం అక్కడ మామూలే. వాకిలి కడిగేవాళ్ళు బారు తడవకుండా నీళ్ళు పక్కకి పోసేవాళ్ళు, అంతే.

వాళ్ళావిడకి ఆ బారంటే ప్రాణం. సాయంత్రం నేల చూస్తే చాలు, ఆయన ఎక్కడెక్కడ ఆగాడో తెలిసిపోయేది. టీ బండి దగ్గర కాసేపు, మంగలి దగ్గర కాసేపు. ఇంకెవరి మొగుడూ ఇంత నిక్కచ్చిగా దొరకడని మురిసిపోయేది.

డాక్టరు పొట్టు తీయని గింజలే తినమన్నాడు. పొట్టున్న పిండి నిలవుంచితే ముక్కిపోతుందని ఆయన రోజూ పిండిమరకి వెళ్ళి కొంచెం ఆడించుకొచ్చేవాడు. పిండిమర ఆవిడ నవ్వితే బుగ్గల మీంచి పిండి వెన్నెలలా రాలేది. నాలుగు నెలలకి చీమలు పలచబడి, ఓ రోజు ఒక్కటీ రాలేదు.

"షుగర్ దిగిందే!" అన్నాడాయన సంబరంగా.

"దిగింది షుగరో, దిగజారింది మీరో!"

"అదేం మాట? ఆ రొట్టె నువ్వూ తినరాదూ? ముతకదే గానీ నమిలేకొద్దీ కమ్మగా ఉంటుంది."

"ఆవిడ చేతి పిండి నా గొంతు దిగదు. మీరే కమ్మగా నమలండి."

ఆ పంతంతో ఆయన కళ్ళెదుటే మైదా రొట్టెకి జామ్ దట్టంగా పూసుకు తినేది. రోజూ ఆయన వెనకే వెళ్ళి, పిండిమర ఎదురుగా కరెంటు స్తంభం చాటున నిలబడేది. లోపల నవ్వు వినిపిస్తే గుండెలో నిప్పులు పోసినట్టుండేది. ఈమధ్య దాహం ఆగట్లేదు. కుళ్ళుకుంటే గొంతెండుతుంది కాబోలనుకుని చెంబులకొద్దీ నీళ్ళు తాగేది.

ఓ మధ్యాహ్నం ఆయన వెళ్ళాక వాకిట్లో చూస్తే నల్లగా, జడంత లావు బారు! 'దొరికారు! ఆవిడ తీపి తినిపిస్తోందన్నమాట' అనుకుంది. కొంగు బిగించి బారు వెంట పడింది.

బారు పిండిమర గుమ్మం ఎక్కలేదు. ఎదురుగా ఉన్న స్తంభం చుట్టూ తిరిగి, వెనక్కొచ్చి, వాళ్ళావిడ మడమ దగ్గరే ఆగింది.

"వదినా! ఎండలో ఎందుకు, లోపలికి రండి" అంటూ పిండిమర ఆవిడ బయటికొచ్చింది. "అన్నయ్య చెప్పాడులెండి, 'మా ఆవిడ రోజూ స్తంభం చాటున ఉంటుంది, పలకరిస్తే అలుగుతుంది' అని." ఇంతలో ఆమె చూపు నేల మీద పడింది. "అయ్యో వదినా... ఎన్నాళ్ళ నుంచి?"

వదినా అన్న పిలుపుకి ఆవిడకి ఏడుపొచ్చింది. చీమల్ని చూసి ఇంకాస్త వచ్చింది. ఆయన పిండి సంచీతో బయటికొచ్చి, బారు చూసి, మళ్ళీ లోపలికెళ్ళి ఇంకో సంచీ ఆడించుకొచ్చాడు. ఆవిడ ఆ వెచ్చటి సంచీని చంకలో పెట్టుకుని ఇంటిదాకా నడిచింది.

కొన్నాళ్ళకి ఆవిడ చీమలూ పలచబడ్డాయి. ఇక ఆయన ఎక్కడెక్కడికి వెళ్ళాడో తెలియాలంటే అడగాల్సి వచ్చేది. ముతక రొట్టె నమలడానికి ఎలాగూ బోలెడు సేపు పడుతుంది. ఆవిడ నములుతూ అడిగేది, ఆయన నములుతూ చెప్పేవాడు.