గోళ్ళ పక్కన నలుపు

"పెద్ద కష్టమేం కాదు లెండి, మా ఆవిడ కాస్త తుడిచి పెట్టేస్తుంది. తుడవడమే కదా!"

హాల్లో భర్త ఫోన్లో అన్న ఆ మాట పెరట్లో ఉన్న ఆమెకి స్పష్టంగా వినబడింది. అప్పటికి ఆమె పీట మీద కూర్చుని గంటన్నర అయింది. ముందు కిరసనాయిలు గిన్నె, ఒళ్ళో పాత దుప్పటి ముక్క, చేతిలో అరిగిపోయిన టూత్‌బ్రష్షు. సైకిలు పెడలు లోపల తిరిగే ఇనప గుళ్ళని ఒక్కొక్కటే పైకి తీసి, రుద్ది, తుడిచి, సీసా మూతలో వేస్తోంది. మిరియాల గింజలంతేసి ఉంటాయవి. ఒకటి జారిందా, తూములోకి పోతుంది. పోయిందా, సాయంత్రం దాకా "నీకసలు శ్రద్ధ లేదు" అన్న పాట వినాలి. ఫోన్లో మాట చెవిన పడ్డాక ఎన్ని గుళ్ళు తీసిందో మర్చిపోయింది. మూతలో ఉన్నవన్నీ గుడ్డ మీద పోసి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంది.

తుడవడమట! ఆయన దృష్టిలో అది బల్ల మీద దుమ్ము దులపడం లాంటిదే. ముప్ఫై ఏళ్ళు ఎండకీ వానకీ ఎవరి గోడకో ఆనుకుని పడున్న సైకిలు ఇంటికొస్తుంది. వచ్చిన రోజున ఆయన దాని చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, ఫొటోలు తీసుకుని, "అబ్బ, ఏం సైకిలు!" అని మురిసిపోయి ఆఫీసుకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఐదారు నెలలు దాని చాకిరీ ఆమెది. బిగుసుకుపోయిన నట్లకి మూడు రోజులపాటు పూటకింత నూనె పొయ్యాలి. చైనుని వెనిగర్లో నానబెట్టాలి, అలాగని మర్చిపోయి ఎక్కువసేపు ఉంచకూడదు. చక్రం పుల్లల్ని ఒక్కొక్కదాన్నీ గుడ్డ చుట్టి కిందినుంచి పైదాకా లాగాలి. ఈ మధ్యలో పొయ్యి మీద కూర మాడకూడదు, గేటు చప్పుడైతే లేవాలి, అత్తగారి మందు టైము తప్పకూడదు. ఇదంతా అయ్యాక ఒక ఆదివారం ఆయన తీరిగ్గా కూర్చుని భాగాలన్నీ బిగిస్తాడు. బిగించడం ఆయనకి బాగా వచ్చు, ఆ మాట కాదనకూడదు. పాత సైకిళ్ళ క్లబ్బులో ఆయన్ని 'సైకిళ్ళ సారు' అంటారు. ఆమె అక్కడ 'సారు గారి ఆవిడ'. టీ బాగా పెడుతుందని పేరు.

ఆమె చేసిన పనికి ఆమె చేతులే సాక్ష్యం. వేలి గీతల్లోనూ గోళ్ళ పక్కనా ఒక నలుపు పట్టి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఫొటోకి నిలబడితే, "అయ్యో వదినా, ఇవేం చేతులు, మెకానిక్కు చేతుల్లా! కాస్త వెనక్కి పెట్టుకో" అంది ఆడపడుచు. పెట్టుకుంది. ఆ ఫొటోలో ఇప్పటికీ ఆమె చేతులు లేని మనిషిలా నిలబడి ఉంటుంది.

విచిత్రమేమిటంటే, ఆమెకీ ఒకప్పుడు సైకిలుండేది. పెళ్ళికి ముందు దాని మీదే ప్రెస్సుకి వెళ్ళి ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసేది. పెళ్ళయిన నెలకే అత్తగారు "ఇంట్లో చోటెక్కడిదమ్మాయ్, ఉన్నవే రెండు గదులు" అని దాన్ని పాలాయనకి ఇచ్చేసింది. చెప్పి ఇవ్వలేదు, ఇచ్చి చెప్పింది. ప్రెస్సుకి రెండు బస్సులు మారి వెళ్ళాల్సొచ్చింది. ఆర్నెల్లు వెళ్ళి మానేసింది. "నువ్వే మానేశావుగా, మేమేమైనా వద్దన్నామా?" అని భర్త ఇప్పటికీ అమాయకంగా అడుగుతాడు. ఒక్క సైకిలుకి చోటు లేని ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన సైకిళ్ళు తొమ్మిది! హాల్లో మూడు, పడగ్గదిలో రెండు, మెట్ల కింద రెండు, వరండాలో రెండు. పొద్దున్నే మంచం దిగితే పాదానికి పెడలు తగులుతుంది. చోటు మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఒకసారి అత్తగారు పెరటి గుమ్మంలో కూర్చుని, కోడలు చక్రం ఇరుసు తోముతుంటే చాలాసేపు చూసి, "మీ మామగారూ అంతేనమ్మాయ్. ఇంటెడు ఇత్తడి సామాను నా చేత తోమించి, చుట్టాలొస్తే 'మా ఇత్తడి చూశారా' అనేవారు" అంది. అని, అన్నందుకు నాలుక్కరుచుకుని, "ఇంతకీ కూరేం చేశావు?" అంటూ మాట మార్చేసింది.

పదో సైకిలు సంగతి వేరు. దాన్ని పాత సామాన్ల కొట్లో చూసింది ఆమె, కొన్నది ఆమె, మూడు వీధులు నడిపించుకుంటూ తెచ్చింది ఆమె. లేడీస్ సైకిలు. మధ్యలో కమ్మీ కిందికి వంగి ఉంటుంది, ముందు చిన్న గిన్నెలాంటి లైటు. "ఆడవాళ్ళ సైకిలా! క్లబ్బులో దీన్నెవరు చూస్తారు?" అని భర్త పెదవి విరిచాడు. ఆయన పెదవి విరిచాడు కాబట్టే ఆమెకి ఆశ పుట్టింది. ఎనిమిది నెలలు పట్టింది. సీటు గొట్టం బిగించేటప్పుడు "ఇది నేను చూసుకుంటాను లెండి" అని స్పానరు తీసుకుని, తన ఎత్తుకి సరిపడేలా బిగించుకుంది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళకి వరండాలో దాని మీద ఎక్కి, గోడ పట్టుకుని కాసేపు కూర్చునేది. కాళ్ళు ఇంకా మర్చిపోలేదు. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది దాని పెడలే, ఇది కూడా బిగిస్తే పని అయిపోయినట్టే.

ఫోన్ పెట్టేసి భర్త పెరట్లోకొచ్చాడు. మొహం చాటంత అయింది.

"ఏమోయ్, ఆదివారం క్లబ్బులో నా ప్రోగ్రాం! పాత సామాను చేత్తో మెరిపించడం ఎలాగో అందరి ముందూ చేసి చూపించాలట. చివర్లో ఈ లేడీస్ సైకిలు క్లబ్బుకి కానుకగా ఇచ్చేస్తున్నా. అద్దాల గదిలో పెడతారు. ప్రెసిడెంటు గారు ఎంత పొంగిపోయారో! ఈసారి సెక్రటరీ నేనే అనుకో."

"ఒక్క మాట అడక్కుండానే ఇచ్చేశారా?"

"ఎవర్ని అడగాలి?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆమెకి ఒళ్ళు మండింది అందుకే. వెటకారమైతే ఆమె కూడా ఒకటి అనేసి ఊరుకునేది.

"ఆ సైకిలు నాక్కావాలి."

"నీకా?" నవ్వాడు. "ఈ వయసులో సైకిలు తొక్కుతావా! కాళ్ళూ చేతులూ విరిగితే చేసేదెవరు? ఇంకోటి చూద్దాంలే. అది సరే గానీ, నువ్వు ఏంటేంటి చేస్తావో రెండు ముక్కల్లో చెప్పు."

"రెండు ముక్కల్లో రాదు. కూర్చోండి" అని పీట జరిపింది.

కూర్చున్నాడు, పాపం. ఆమె రిమ్ము చూపించింది. "ఇది క్రోమ్ పూత. నీలంగా మెరుస్తుంది. సన్నటి ఇనప పీచుకి నూనె రాసి రుద్దినా తట్టుకుంటుంది." తర్వాత లైటు చేతికిచ్చింది. "ఇది నికెల్. పాలల్లో నాలుగు చుక్కలు టీ పడ్డట్టుంది చూడండి, ఆ రంగుని బట్టి పోల్చుకోవాలి. దీని పూత పల్చన, కింద ఇత్తడి. దీనికి పీచు తగలకూడదు. సుద్దపొడి, మెత్తటి గుడ్డ, అంతే." ఆయన "ఆఁ, ఆఁ" అంటూ ఫోన్లో ఏదో చూసుకున్నాడు. పది నిమిషాలకి నడుం పట్టుకుని లేచాడు. "అమ్మో, ఈ పీట మీద మనిషన్నవాడు కూర్చోగలడా?" అని లోపలికి వెళ్ళిపోయాడు. మనిషన్నవాడు! ఆ పీట మీద ఆమె పదకొండేళ్ళుగా కూర్చుంటోంది.

ఆదివారం క్లబ్బు హాలు నిండిపోయింది. లేడీస్ సైకిలుని బల్ల పక్కన నిలబెట్టారు, ఒక్క లైటు మాత్రం ఊడదీసి బల్ల మీద పెట్టారు. "నువ్వు నా పక్కన కూర్చుని అడిగినవి అందిస్తూ ఉండు, చాలు" అని భర్త ముందే చెప్పాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైకు ముందు నిలబడి బాగానే మొదలుపెట్టాడు. నేను కిరసనాయిల్లో నానబెడతాను, నేను పుల్లలు ఒక్కొక్కటే తుడుస్తాను, నాకు ఓపికెక్కువ. ఆమె పక్కన కూర్చుని వింటోంది. ఎవరి గురించో చెప్తున్నట్టే ఉంది, ఆ మనిషెవరో ఆమెకి బాగా తెలుసు.

అప్పుడాయన ఇనప పీచు అందుకున్నాడు. రెండో చేతిలోకి లైటు తీసుకున్నాడు.

"ఏమండీ, అది నికెల్" అంది మెల్లిగా.

"నాకు తెలుసులే" అన్నాడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి. అని, జనం వైపు నవ్వుతూ, గట్టిగా నాలుగుసార్లు రుద్దాడు. లైటు నెత్తిమీద పచ్చటి ఇత్తడి గీతలు నాలుగు బయటపడ్డాయి. తొమ్మిది రోజులు సుద్దపొడితో బుజ్జగించి తెచ్చిన మెరుపది. ఆమెకి తన చెంప మీద గీరినట్టే అయింది. ఆయన గీతలున్న వైపు తన పొట్టకేసి తిప్పుకుని మాట్లాడుతూనే ఉన్నాడు.

రెండో వరసలో కళ్ళద్దాల అమ్మాయి ఒకతె లేచింది. "సార్, నేనూ ఇంట్లో చిన్న చిన్న సామాను తుడుస్తున్నాను. చేతులకి పట్టిన నలుపు ఎంతకీ పోవట్లేదు. మీరు ఎలా పోగొట్టుకుంటారు?"

"సబ్బుతో కడిగేసుకుంటే పోతుందమ్మా" అన్నాడు సైకిళ్ళ సారు, తన తెల్లటి చేతులు రెండూ ఎత్తి చూపిస్తూ.

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. పదకొండేళ్ళ నవ్వు ఒక్కసారిగా బయటికొచ్చినట్టు పకపకా నవ్వేసింది. హాలంతా ఆమె వైపు తిరిగింది. "ఏంటది?" అని భర్త కళ్ళెర్రజేశాడు.

"సబ్బుతో పోదమ్మా" అంది ఆమె లేచి నిలబడి. "చెంచాడు వంటనూనె, చెంచాడు పంచదార కలిపి, కరిగేదాకా రుద్దుకో. అరచేతులు బాగుపడతాయి. గోళ్ళ పక్కన మాత్రం ఉండిపోతుంది. ఇవిగో." పెళ్ళి ఫొటోలో వెనక దాచుకున్న చేతుల్ని అందరి ముందూ బల్ల మీద పెట్టింది. "ఇందాకటినుంచీ సారు చెప్పిన పనంతా చేసేవి ఈ చేతులు. ఆయన బిగిస్తారు, బాగా బిగిస్తారు. తుడిచేది నేను. ఆ లైటు ఇటివ్వండి."

ఇవ్వక ఏం చేస్తాడు, ఇచ్చాడు. ఆమె గీతలున్న వైపు జనానికి తిప్పింది. "నికెల్ మీద పీచు పెడితే ఇలా అవుతుంది. అందరూ దగ్గరికొచ్చి చూడండి, ఈ తప్పు ఇంకెవరూ చెయ్యకండి." కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి, అందరూ బల్ల చుట్టూ మూగారు. కళ్ళద్దాల అమ్మాయి సంచిలోంచి తన పాత సైకిలు గంట తీసి "ఇది క్రోమా, నికెలా?" అని అడిగింది. ఇంకెవరో చైను గురించి అడిగారు. ఆమె చెప్తూ, చేసి చూపిస్తూ, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి "ఏమండీ, ఆ గుడ్డ ఇలా అందించండి" అంది. ఒక్క క్షణం ఆగి, గుడ్డ చేతికొచ్చింది.

చివరికి ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "చాలా సంతోషమమ్మా. ఇక ఈ సైకిలు..."

"ఈ సైకిలు ఇవ్వడం లేదండీ."

"అదేంటి, సారు మాటిచ్చారే?"

"మాట ఆయనది. సైకిలు నాది. ఆయనకి ఇంట్లో తొమ్మిదున్నాయి, వాటిల్లో ఏది కావాలో ఆయన్నే అడగండి."

ప్రెసిడెంటు ఆశగా భర్త వైపు తిరిగాడు. భర్త గబగబా సామాన్లు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. ఆమె సైకిలుని గుమ్మం దాకా నడిపించుకెళ్ళి, మెట్టు దింపి, ఎక్కింది. మొదట్లో హ్యాండిలు అటూ ఇటూ ఊగింది, ఓ పెద్దమనిషి "జాగ్రత్తమ్మా!" అని అరిచాడు. మూడో తొక్కుకి కాళ్ళు దారిలో పడ్డాయి. పెడల్లో గుళ్ళు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. ఒక్కటి కూడా తక్కువ లేదు, ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది మరి.

అత్తగారు వరండాలోనే ఉంది. సైకిలు దిగుతున్న కోడల్ని చూసి నోరు తెరిచింది. "దాని మీదొచ్చావా! మరి వాడేడీ?"

"నడిచొస్తున్నారు, అత్తయ్యా."

"ఇచ్చేస్తానన్నాడుగా? మళ్ళీ తెచ్చావు, ఇదెక్కడ పెడతావే? ఇంట్లో చోటేదీ?"

ఆమె హాల్లోకి వెళ్ళి, గుమ్మానికి ఎదురుగా కనబడేలా నిలబెట్టిన భర్త ముద్దుల సైకిలుని స్టాండు తీసి, పెరట్లోకి తోసుకెళ్ళి గోడకి ఆనించింది. ఆ చోట తన సైకిలు పెట్టింది. సరిగ్గా పట్టింది.

అరగంటకి భర్త సామాన్ల సంచి మోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు. "మనిషివేనా నువ్వు? పదిమందిలో పరువు తీశావు!" అన్నాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది. తాగాడు. కాసేపటికి చల్లబడ్డాడు. సంచిలోంచి లైటు తీసి, అలవాటు చొప్పున ఆమె ముందు పెట్టాడు. "సరేలే, అయిందేదో అయింది. ఈ గీతలు చూడలేకపోతున్నా, కాస్త తుడిచెయ్."

"ఆ గీతలు ఇక పోవు. మిగతాది మెరిపించొచ్చు. సుద్దపొడి కిటికీలో ఉంది" అని, ఆమె పెరట్లోంచి పీట తెచ్చి ఆయన ముందు వేసింది.

"నేనా?" ఆయన తల్లి వైపు తిరిగాడు. "చూడమ్మా దీని వరస!"

అత్తగారు కొడుకు చేతుల వంక చూసింది. కోడలి చేతుల వంక చూసింది. తర్వాత, ఒళ్ళో పెట్టుకున్న తన ముడతల చేతుల వంక చాలాసేపు చూసుకుంది.

"తుడవడమే కదరా" అంది. "కూర్చో."