చేమ గుంటల్లో ఉప్పు

లారీ గట్టు మీదికే వచ్చి ఆగింది. మహాసముద్రం వైపు తీరంలో తరతరాలుగా అలలు ఎత్తిపోసిన పగడపు రాళ్ల గట్టు అది. కూలీలు దాన్ని పారలతో తవ్వి లారీకి ఎత్తుతున్నారు. కూలీలు ఆ ఊరివాళ్లే. చూస్తూ నిలబడిందీ ఆ ఊరే. ఆపమని ఎవరూ అనలేదు.

రాళ్లు రేవుకు పోతున్నాయి. చిన్న దీవులను సముద్రం మింగకుండా కాపాడమని పరాయి దేశాలు పసిఫిక్‌లోని కిరిబాటి దేశానికి డబ్బిచ్చాయి. ఆ డబ్బుతో రేవు దగ్గర గోడ లేస్తోంది. గోడ వెనక ఉన్నవి కాంట్రాక్టరు గోదాము, అతని అతిథి గృహం. ఊరు గోడకు ఇవతలే ఉండిపోయింది.

తెరేతియా లారీని చూడటం లేదు. తోడికోడలు కవోతిన్‌ను చూస్తోంది. గట్టు పోతున్నా ఆమె ముఖంలో కంగారు లేదు. దీని చేమ గుంట బాగానే ఉండి ఉంటుంది, అందుకే ఈ నిబ్బరం, అనుకుంది తెరేతియా. 

ఆ దీవిలో నేలను తవ్వి, అడుగున ఊరే మంచినీళ్లలో చేమ పెంచుతారు. దుంప మనిషి తొడంత అవుతుంది. ఏ చెట్టు ఆకు ఎరువుగా వేయాలో తల్లి కూతురికి మాత్రమే చెబుతుంది. ఒకరి గుంటలోకి ఇంకొకరు తొంగిచూడరు. పండుగకు ఎవరి దుంప పెద్దదైతే ఆ ఇంటి పరువు పెద్దది. పోయిన ఈస్టరుకు కవోతిన్ దుంపను ఇద్దరు మోసుకొచ్చారు. పాస్టరు దాన్నే పొగిడాడు. తెరేతియా దుంపను ఆయన చూడనైనా లేదు.

ఈస్టరు తర్వాత సముద్రానికి పెద్ద పోటు వచ్చింది. తవ్వకంతో గట్టు సన్నబడిన చోట నీళ్లు లోపలికి దూరాయి. తెరేతియా గుంటలో ఆకులు పసుపు తిరిగాయి. ఆమె గుంట చుట్టూ కొబ్బరాకు తడిక కట్టి నోరు మూసుకుంది. తవ్వకంతో నష్టమేమైనా ఉందేమో చూడటానికి రాజధాని నుంచి ఇంజినీరు వచ్చి, ఊరి సభ జరిగే మనేబాలో అందరినీ కూర్చోబెట్టి అడిగాడు: “గుంటల్లోకి ఉప్పు వచ్చిందా?”

తెరేతియా కవోతిన్ వైపు చూసింది. కవోతిన్ తెరేతియా వైపు చూసింది. “మా గుంటకేం, బాగానే ఉంది” అంది కవోతిన్. “మాదీ అంతే” అంది తెరేతియా. ఊరంతా అదే పాట పాడింది. ఇంజినీరు వెళ్లిపోయాడు. లారీ మళ్లీ గట్టు మీదికొచ్చింది.

ఆదివారం తెరేతియా తలనొప్పని చెప్పి గుడి మానేసింది. ఊరు కీర్తనలు పాడుతుండగా కవోతిన్ గుంట దగ్గరికి వెళ్లింది. అక్కడా తడిక ఉంది. ఏ ఆకు వేసి బతికించుకుందో చూడాలని తడిక తప్పించి దిగింది. ఒక మొక్క పట్టుకుని లాగింది. దుంప గుజ్జులా చేతికొచ్చింది. నీళ్లు నాలుకకు తాకించుకుంటే ఉప్పు.

ముందు ఆమెకు కలిగింది సంతోషమే. తనొక్కదానికే కాదన్న సంతోషం.

“ఏంటక్కా, తలనొప్పి తగ్గిందా?”

గుంట ఒడ్డున కవోతిన్ నిలబడి ఉంది. ఆమెకు మోకాళ్ల దాకా బురద. అది ఎవరి గుంట బురదో తెరేతియాకు అర్థమైంది.

“నువ్వూ గుడి ఎగ్గొట్టావన్నమాట. చూశావా నాది?” అంది తెరేతియా.

“చూశాను. చచ్చింది.”

“నీది చచ్చి కంపు కొడుతోంది. నాది ఇంకా కంపు కొట్టట్లేదు.”

“అందులో కూడా నీదే పైచేయి కావాలా తల్లీ?” కవోతిన్ గుంట అంచున కూలబడింది. “ఈస్టరు పోటుకే పోయిందక్కా. అత్తగారి చేతి మొక్కలు. మళ్లీ పోటొస్తే పిలకలు కూడా మిగలవు.”

“మరి ఇంజినీరు అడిగితే బాగానే ఉందన్నావేం?”

“నీ ముందు చెప్పమంటావా? దానికంటే ఆ సముద్రంలో దూకుతా.”

తెరేతియా చేతికంటిన గుజ్జును నీళ్లలోకి విదిలించింది. “ఊళ్లో తడిక కట్టని గుంట ఒక్కటి చూపించు” అంది. “మన ఏడుపు ఒకరి మీద ఒకరికి. ఆ కాంట్రాక్టరేమో రాళ్లు మోసుకుపోతున్నాడు.”

మర్నాడు కాంట్రాక్టరు సూపర్‌వైజరు మనేబాలో కూర్చున్నాడు. ఇంకొందరు కూలీలు కావాలని వచ్చాడు. పెద్దలు తమ తమ వంశాల స్థానాల్లో ఉన్నారు. తెరేతియా ఆడవాళ్ల వరస దాటి నడిచొచ్చింది. బుట్టలోని కుళ్లిన దుంపను చాప మీద బోర్లించింది.

“ఎవరి గుంటదమ్మా ఇది?” అడిగాడు పెద్దాయన బౌరో.

“నాదే పెద్దాయనా. ఉప్పు తగిలి చచ్చింది. ఇంజినీరుతో అబద్ధం చెప్పాను.”

 కవోతిన్ లేచింది. రెండు చేతులతో తెచ్చిన బుట్టను దాని పక్కనే కుమ్మరించింది. “నాది ఇంకా పెద్దది. కుళ్లినా పెద్దదే, అందరూ చూడండి.”

మనేబా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతో కట్టు తెగింది. ఒకామె లేచి పరుగెత్తుకెళ్లి తన దుంప తెచ్చింది. వెనకే ఇంకొకామె. దుంపల కింద చాప కనబడకుండా పోయింది.

“మీ పెంపకం బాగాలేకపోతే మేమేం చేస్తాం?” అన్నాడు సూపర్‌వైజరు. “కూలి ఇస్తున్నాం కదా. బియ్యం కొనుక్కోండి.”

“ఓడ రాని నెలలో?” గట్టు తవ్వే కూలి బురెంటి అడిగాడు. “నీ గోడ నాక్కుంటూ కూర్చోమంటావా? తవ్వింది నా చేతులే. మా అమ్మ గుంటను నేనే ఉప్పుపాలు చేశాను.”

“గోడ మీ దీవి కోసమే.”

“అయితే మా ఊరి ముందు కట్టు” అంది తెరేతియా. “మా పేరు చెప్పి తెచ్చిన డబ్బు, మా గట్టు రాళ్లు. కాపాడేది మాత్రం నీ గోదామునా?”

బౌరో తల దించుకుని అన్నాడు. “నా గుంట అందరికంటే ముందు పోయింది. పెద్దరికం పోతుందని దాచాను. ఇక ఒక్క రాయి కదలనివ్వం. తీసుకెళ్లినవి తెచ్చి పోయాలి.”

తెల్లారేసరికి ఊరు లారీ దారికి అడ్డంగా కూర్చుంది. కవోతిన్ చక్రానికి వీపు ఆనించి కూర్చుంది. సూపర్‌వైజరు కాన్‌స్టేబుల్ తెకినియను పిలిపించాడు. ఆ దీవి పోలీసుకు బండి లేదు. ఖైదీలను కాంట్రాక్టరు లారీలోనే తీసుకెళ్లాలి.

“అత్తా, లే అత్తా. నా ఉద్యోగం పోతుంది” అన్నాడు తెకినియ.

“మాకు తిండి పోయిందిరా అల్లుడూ” అంది కవోతిన్.

“సరే. నువ్వు ముందు లారీ ఎక్కు. అరెస్టు.”

తెరేతియా ఒక్కసారి లేచింది. “దాన్ని ముందెందుకు? మనేబాలో దుంప ముందు పెట్టింది నేను! రేపు దీవంతా దాని పేరే చెప్పుకోవాలా?” కవోతిన్‌ను తోసుకుంటూ లారీ ఎక్కింది. కవోతిన్ ఆమె చెయ్యి పట్టుకుని పైకొచ్చి పక్కనే నిలబడింది.

“మమ్మల్ని వదిలేస్తావేంటయ్యా? మావి గుంటలు కావా?” అంటూ ఆడవాళ్లు ఎగబడ్డారు. బురెంటి పార విసిరేసి ఎక్కాడు. మిగతా కూలీలూ ఎక్కారు. బౌరోను నలుగురు కింది నుంచి ఎత్తి పైనున్నవాళ్లకు అందించారు.

“దించు వాళ్లను!” అరిచాడు సూపర్‌వైజరు. “లారీలో రాళ్లు ఎక్కించాలి!”

“అరెస్టయినవాళ్లను ఎలా దించమంటారు సార్?” అన్నాడు తెకినియ.

“దిగం!” అంది లారీ అంతా.

ఆ రోజు గట్టు నుంచి ఒక్క రాయి కదల్లేదు. పైన చోటు దొరకనివాళ్లు తమను అరెస్టు చేయలేదని తెకినియను తిట్టుకుంటూ వెళ్లి టైర్ల ముందు పడుకున్నారు.