నాగలక్ష్మి రక్తం లెక్క

ఎమ్మిగనూరులో కోదండరామి బస్సు దిగీ దిగగానే నారప ఎదురొచ్చాడు.

"ఏం జెప్పినారు బావా మద్రాసులో?"

"పిల్ల రక్తంలో లెక్క ఎక్కువైందంట," అన్నాడు కోదండరామి. అంతకు మించి చెప్పలేదు. చచ్చిపోయిన భార్య తమ్ముడితో అతను అవసరానికి మించి మాట్లాడి ఏళ్లయింది. ఆ సగం మాటకు మిగతా సగం ఊరే కల్పించుకుంది.

నిరుడు అతని కూతురు నాగలక్ష్మికి మోకాలి పైన ఎముకలో రాచపుండు లేచింది. పదకొండేళ్ల పిల్ల. కాలు తీసేయాలన్నారు మద్రాసులో. తీయించాడు. ఎముకలో ఎంజైమని ఒకటి పుట్టి రక్తంలో కలుస్తుందనీ, పుండు పట్టిన ఎముక దాన్ని విపరీతంగా పుట్టిస్తుందనీ అప్పుడే విన్నాడు. కాలు తీశాక ఆ లెక్క దిగింది. మళ్లీ ఎక్కుతుందేమో కనిపెట్టుకుని ఉండాలన్నారు. ఈసారి ఎక్కింది.

"ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు," అన్నాడు మద్రాసు డాక్టరు. "జబ్బు మళ్లీ ఎక్కడైనా మొదలై ఉండొచ్చు. లేకపోతే పిల్ల ఎదుగుతూ ఉండొచ్చు. ఎదిగే ఎముకల్లో కూడా ఇది ఎక్కువే పుడుతుంది."

"రెండిట్లో ఏది?"

"ఇప్పుడే చెప్పలేను. మూడు నెలలకు తీసుకురా, మళ్లీ రక్తం చూద్దాం."

బస్సు దిగిన మర్నాడు పొద్దున్నే కోదండరామి అత్త, పిల్ల అమ్మమ్మ యశోదమ్మ బొబ్బట్లు చేసి, ఆ ఓళిగల బుట్టతో దిగింది. వెనకే చుట్టాలు. అందరూ పిల్ల మంచం చుట్టూ చేరారు.

"ఏం తినాలనిపిస్తాంది తల్లీ? ఏమి కావల్లన్నా అడుగు."

"పొద్దున్నించీ అందరూ ఇదే అడుగుతాండారు. ఈ పొద్దు ఏం పండగవ్వా?"

యశోదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ ఓళిగలు కోదండరామి ఎరిగినవే. కాన్పు జ్వరంతో భార్య కాలిపోతుంటే వీళ్లే ఇలాగే ఓళిగలు తెచ్చి చుట్టూ కూర్చున్నారు. బళ్లారికి బండి కడతానంటే రేపు చూద్దామన్నారు. ఆ రేపు అన్నందుకు అతను ఎవరినీ క్షమించలేదు.

నారప వసారాలోకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇంగ పిల్లకు ఆ సూదులొద్దు బావా. ఉన్నన్నాళ్లు నెమ్మదిగా ఉండనీ."

"మీ అక్కనూ నెమ్మదిగా ఉండనీమంటివి. ఇప్పటికీ నెమ్మదిగానే ఉండాది."

లోపల నాగలక్ష్మి చంక కింద కట్టె పెట్టుకుని లేచింది. ఒక పక్కకు ఒరిగిపోయి, వంగి నడుస్తోంది.

"చూడప్పా," అంది యశోదమ్మ ఏడుస్తూ, "నడుమే నిలవల్యా బిడ్డకు."

"నడుముకేం గాలేదవ్వా. కట్టె అందడంల్యా."

కోదండరామి లేచి వెళ్లాడు. పిల్లను గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టి, కట్టెను చంక కిందికి చేర్చాడు. కట్టెకూ చంకకూ మధ్య అతని అరచెయ్యి అడ్డంగా దూరింది. మద్రాసులో ఇచ్చినప్పుడు సరిగ్గా సరిపోయిన కట్టె అది.

జబ్బు లేదనడానికి ఇది రుజువు కాదని అతనికి తెలుసు. ఎదిగే ఒంట్లో జబ్బూ ఉండొచ్చు. కానీ డాక్టరే తేల్చని సంగతి వీళ్లు ఓళిగలు వండి తేల్చుకుని వచ్చారు.

"పా పాపా, తాయప్ప దగ్గరికి పోదాం."

"ఆ వడ్లాయన దగ్గర ఏం పని బావా?" అన్నాడు నారప.

"కొత్త కట్టె చేయించల్ల."

"మూడు నెలల ముచ్చటకు కొత్త కట్టేంది?"

"మూడు నెలలకు మద్రాసు పోతాం. ఆ మాట ఆడ డాక్టరు చెప్పల్ల, నువ్వు గాదు. మీ ఓళిగలు మూట గట్టుకుని పోండి."

వడ్రంగి తాయప్ప పిల్ల చంక కింది నుంచి నేల దాకా తాడుతో కొలత పట్టాడు.

"ఒకే కట్టె వద్దు," అన్నాడు కోదండరామి. "పైన రెండు పలకలు పెట్టి, కింది ముక్క వాటి మధ్య జారేట్టు చెయ్యి. దానికి తూట్లు వేసి చీల బిగించు. ఎదిగే కొద్దీ దించుకుంటాది."

"నాలుగు తూట్లు సాకా అప్పా?"

"చాలదు. ఆ ముక్క పొడుగునా వెయ్యి."

తాయప్ప తూట్లు పొడిచే బర్మా పక్కన పెట్టి నవ్వాడు. "అన్ని తూట్లు దాటితే తాటిచెట్టవుతాదప్పా నీ కూతురు."

"నాయనకంటే పొడుగైపోతా," అంది నాగలక్ష్మి.

"అయిపో," అన్నాడు కోదండరామి.