దిగే మజిలీలు

క్రేన్ నడిపేవాణ్ణి పనివాళ్ళంతా గద్ద అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పోయిన వానాకాలం గాలివానలో పైన క్యాబిన్‌లో చిక్కుకుని, అది ఊగుతుంటే సీటు కింద దూరి ఏడ్చాడు. అప్పటినుంచి ఆ గద్ద నేలమీదే ఇనుప చువ్వలు మోస్తోంది. నిచ్చెన మీద కాలు పెడితే చాలు, ముచ్చెమటలు పోస్తాయి.

సూపర్‌వైజర్ మంచివాడే గాని మంచితనానికీ గడువుంటుంది. "నెలాఖరుకి పైకెక్కి, నీ అంతట నువ్వు దిగిరా. లేకపోతే కొత్తవాణ్ణి పెట్టుకుంటా," అన్నాడు. గద్దకు మరో విద్య రాదు.

కింద నిలబడి, బరువు ఎటు తిప్పాలో ఎక్కడ దించాలో వాకీటాకీలో చెప్పే సిగ్నల్ మనిషి స్వయానా అతని అక్క. "పైకి, పైకి అంటే ఎంత పైకిరా? కొలత లేని పనికి అంతుండదు," అని కసిరి, ఒక ఎర్రగుడ్డ ముక్క చేతికిచ్చింది. ఇవాళ ఎంత ఎక్కితే అక్కడ కట్టాలి. రేపు అక్కడిదాకా ఎక్కి, విప్పి, ఇంకాస్త పైన కట్టాలి.

మొదట్లో గుడ్డ అక్క చేతికందేంత ఎత్తులోనే ఉండేది. కూలీలు నవ్వారు. తర్వాత, ఊపిరి తీసుకోవడానికి నిచ్చెన మధ్యలో వేసిన మొదటి ఇనుప పలక చేరింది. ఆపై రెండోది. భయమేమీ తగ్గలేదు, గుడ్డ మాత్రం జరిగింది. అతను ఆకాశాన్నీ చూడడు, నేలనీ చూడడు, గుడ్డనే చూస్తాడు. కట్టగానే బతుకుజీవుడా అని, కళ్ళు మూసుకుని జరజరా దిగిపోతాడు.

ఆఖరి రోజు పొద్దున గద్ద క్యాబిన్‌లో కూర్చున్నాడు. గుడ్డ సీటుకి కట్టాడు. కింద చప్పట్లు వినిపించాయి. అంతలో గాలి లేచింది. క్యాబిన్ కిర్రుమంది, ఆనాటి చప్పుడే. నిచ్చెన మీదికి ఒక కాలు పెట్టి, ఈసారి కళ్ళు మూసుకోలేక, అలవాటైన గుడ్డ కోసం కిందికి చూశాడు. గుడ్డ లేదు. నేలదాకా ఇనుము, గాలి, అంతే. పై ప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా, కాళ్ళు రావట్లేదే!" మెడలోని వాకీటాకీలో అరిచాడు.

"గుడ్డ చూసుకోరా!"

"అది ఇక్కడే ఉంది. కింద ఏమీ లేదక్కా!"

అక్కకి అప్పుడు తట్టింది. ఎక్కడానికి ఇన్ని మజిలీలు పెట్టింది, దిగడానికి ఒక్కటీ పెట్టలేదు. పక్కన సూపర్‌వైజర్ ఫోన్ తీశాడు. "ఫైరింజనువాళ్ళని పిలవక తప్పదమ్మా." పిలిస్తే తమ్ముడి పని అక్కడితో సరి.

"ఒక్క నిమిషం ఆగండి సార్." కళ్ళు తుడుచుకుని, రోజూ పనిలో వాడే గొంతు తెచ్చుకుంది. "క్రేన్, సిగ్నల్ మాట్లాడుతున్నా. బరువు దించాలి."

పొగమంచులో ఏమీ కనబడకపోయినా, ఆ గొంతును నమ్మి ఏళ్ళ తరబడి దూలాలు దించినవాడు. గద్ద చేతులు వాటంతటవే బిగిశాయి.

"దించు. మెల్లగా. మెల్లగా. ఆపు."

ఆగాడు. రెండు మెట్లు దిగానని అతనికి అప్పుడు తెలిసింది.

"బరువు ఊగుతోందా?"

"ఊగుతోంది." పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఊగేదాన్ని దించకూడదు. ఆపి ఉంచు."

నిచ్చెనను కరుచుకుని ఉండిపోయాడు. అక్క తొందరపెట్టలేదు.

"ఇప్పుడో?"

"తగ్గింది."

"దించు. మెల్లగా."

అలా పలక నుంచి పలకకి, ఆగిన చోటల్లా ఒక మజిలీ. చిట్టచివర బూటు కింద మట్టి తగిలింది.

"ఆపు. బరువు నేల తాకింది. కొక్కెం విప్పు."

గద్ద నడుముకున్న సేఫ్టీ బెల్టు కొక్కెం విప్పి కూలబడ్డాడు. సూపర్‌వైజర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఎక్కుతావా?"

"ఎక్కుతా సార్. దిగేటప్పుడు మాత్రం సిగ్నల్ మా అక్కే ఇవ్వాలి."

తమ్ముడు ఎదురుగా ఉన్నా అక్క చూపు ఇంకా పైనే ఉంది. వాకీటాకీని నోటి దగ్గర గట్టిగా పట్టుకునే ఉంది. గద్ద లేచి దగ్గరకు వెళ్ళి, బిగుసుకుపోయిన ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు.

"మెల్లగా అక్కా," అన్నాడు. "మెల్లగా."