ఈదమ్మ చెప్పులు, దొర కారు

దొర కారు ఆ పొద్దు మేకపిల్లలా గెంతుకుంటూ వచ్చి ఎల్లస్వామి గుడిసె ముందు ఆగింది. దిగిన ఎల్లస్వామి ముఖం మాడిపోయి ఉంది. పోలీసు చర్యకు ముందే దొర పట్నం పారిపోయాడు. కోటలాంటి ఆయన గడీ కొట్టంలో మిగిలిన కారు, దాన్ని నడిపిన ఎల్లస్వామి చేతికే వచ్చింది. అవసరమూ అట్లాంటిదే పడింది మరి! భార్య లీలమ్మకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, నల్లగొండ దవాఖానకు పోవాల్సిందేననీ మంత్రసాని తేల్చేసింది. కట్టంగూర్ నుంచి దారేమో దొరల మీది లడాయిలో జనం తవ్విపోసిన గుంతలమయం.

అందుకే ముందు చక్రాల దగ్గరి షాకబ్జర్లు రెండూ విప్పి, కడిగి, కొత్త నూనె పోసి బిగించి తెచ్చాడు. గుంతలో పడ్డ కారును ఎగరనీయకుండా పట్టి ఉంచేవి అవే.

"గీ ఎగురుడుకు నేను దవాఖాన దాకా ఆగ. తొవ్వలనే కంట," అంది లీలమ్మ.

ఎల్లస్వామి తల్లి ఈదమ్మ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. గడీ ముందు చెప్పులు తొడగరాదన్న కాలంలోనే ముసలిదైపోయిన మనిషి. దొర పోయాకే తొలి జత కొనుక్కుంది. మొదటి రోజు కుడిది ఎడమకు తొడిగి వాడంతా తూలుతూ తిరిగితే, కొడుకే పడీపడీ నవ్వాడు.

"ఏం జేసినవ్‌రా దీన్ని?"

"అంతా మంచిగనే జేసిన. సమంగ అరుగుతయని, గా షాకబ్జర్లను ఎడ్లబండి గిర్రల లెక్క కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చిన."

ఒకప్పుడు ఎడ్లబండి తోలిన బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఈదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నన్ను జూసి నవ్వినవు గదరా! నీ కారు గూడ చెప్పులు తారుమారు తొడిగింది, సూడు!"

ఎల్లస్వామి తల కొట్టుకున్నాడు. ఆ షాకబ్జర్ల ఇనుప చెయ్యి ఒకదానికి ఇటు, ఒకదానికి అటు తిరిగి ఉంటుంది. తారుమారైతే కారు కిందికి కుంగేటప్పుడు బిగబట్టి, పైకి లేచేటప్పుడు వదిలేస్తాయి. ఎగరక ఏం చేస్తుంది! గబగబా కిందికి దూరి, దేని జాగాలో దాన్ని బిగించాడు. వాడ చుట్టూ తిప్పి చూస్తే కారు పల్లకీలా సాగింది. లీలమ్మ ఎక్కి కూర్చుంది.

"నువ్వూ ఎక్కమ్మా."

ఈదమ్మ తలుపు దగ్గర ఆగింది. ఏళ్ల అలవాటు కదా, చెప్పులు నేల మీదే విడిచి వట్టి కాళ్లతో ఎక్కింది. ఎల్లస్వామి వంగి ఆ చెప్పులు తీసి, లోపల ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"తొడుక్కో అమ్మా. గిది గడీ గాదు, మన కారు."

ఈదమ్మ కొంగుతో కళ్లొత్తుకుని కిందికి చూసింది. కుడిది కుడికే ఉంది, ఎడమది ఎడమకే.

"ఈపారి సక్కగ పెట్టినవ్‌రా కొడుకా," అంది. "ఇగ పోనియ్!"