మూడో వరస, ఏడో చెట్టు

తెల్లవారేసరికి చెట్టు మొదట్లో పొట్టు.

రంపపు పొట్టులాంటిది. చిటికెడు.

చిలకమ్మ చీపురుతో ఊడ్చేసింది. కారిన జిగురు గీకింది. బెరడులో కన్నానికి మట్టి మెత్తింది.

మూడో వరస. ఏడో చెట్టు.

1980. సబ్బవరం దగ్గర కొండవాలు — ప్రభుత్వ జీడిమామిడి తోట. పొద్దున్నే వరసలు తిరగడం చిలకమ్మ పని. పొట్టు కనిపించిన చెట్టుకు సున్నం గీత పెట్టాలి. వాచర్ హుస్సేన్ బాషా వచ్చి ఉలితో బెరడు విప్పుతాడు. లోపల తొలుస్తున్న పురుగును తీసి మందు పూస్తాడు. బెరడు సగం పైగా తినేసి ఉంటే మందు లేదు. చెట్టు కొట్టాలి. కాల్చాలి — పురుగుకు రెక్కలొచ్చి పక్క చెట్టుకు చేరకముందే.

ఏడో చెట్టుకు ఒక కొమ్మ కిందికి వంగి ఉంది. కొమ్మ మీద గాడి.

ఎనిమిదేళ్ల కిందట అక్కడ చీర ఉయ్యాల. చిలకమ్మ చెట్ల మొదళ్లలో గొప్పు తవ్వుతూ, వరస చివరికి వచ్చినప్పుడల్లా ఒక ఊపు. ఉయ్యాల్లో కూతురు పైడితల్లి.

మొగుడు పోయాడు. పిల్లకు రెండో ఏడు నిండగానే అక్క గౌరీశ్వరికి పెంచుకోడానికి ఇచ్చేసింది. అక్కకు పిల్లల్లేరు. బావ పోర్టులో కళాసీ. గోపాలపట్నంలో ఇల్లు.

ఎప్పటికీ చెప్పనని అక్కకు మాటిచ్చింది.

పైడితల్లి ఇప్పుడు ఆమెను పిన్నీ అంటుంది.

రెండు వేసవులు చిలకమ్మ ఏడో చెట్టు కింద పొట్టు ఊడ్చింది...

మూడో వేసవికి ఆరో చెట్టు కింద పొట్టు. ఎనిమిదో చెట్టు కింద. రెండో వరసలో నాలుగు చెట్ల కింద.

వాటికి సున్నం పెట్టింది. ఏడో చెట్టు దాటిపోయింది.

బాషా ఆరో చెట్టు దగ్గర కూర్చుని ఉలి తుడుచుకున్నాడు. ఏడో చెట్టు వైపు చూడలేదు.

"ఇంత సుబ్బరంగా ఊడ్సిన సెట్టు మొదలు తోటంతా ఒక్కటే ఉంది, సిలకమ్మా. మా ఇంటి వాకిలి కూడా ఇలగుండదు."

ఆమె చీపురు వెనక్కి పెట్టుకుంది.

"సోమవారం దాకా నాను ఇటు రాను" అన్నాడు.

ఆదివారం అక్క వచ్చింది, పిల్లతో. జీడిపళ్ల కోసం.

పైడితల్లి కొమ్మెక్కి కూర్చుంది. గాడిలో వేలు పెట్టింది.

"ఇదేటి పిన్నీ?"

"తాడు ఒరుపు."

"తాడుకి ఏటి కట్టినారు?"

గౌరీశ్వరి పళ్లు ఏరడం ఆపింది.

"ఉయ్యాల."

"ఎవులికి?"

దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట క్రేను తిరుగుతోంది. చిలకమ్మ అటే చూసింది.

"పన్లోకొచ్చినోల పిల్లలకి" అంది.

పిల్ల కిందికి దూకింది. పళ్ల వైపు పరిగెత్తింది.

వాళ్ల బస్సు వెళ్లాక చిలకమ్మ సున్నం డబ్బా తెచ్చింది. ఏడో చెట్టుకు గీత తనే పెట్టింది.

సోమవారం చెట్టు కొట్టారు. పెచ్చు కూడా మిగలకూడదన్నాడు బాషా. మధ్యాహ్నం దాకా మంట.

మూరెడు కొమ్మ ఒకటి మంటలో పడలేదు.

అది చిలకమ్మ ఇంట్లో గోడకు ఆనించి ఉంది — గాడి ఇవతలికి. ఇంటి వెనక తోట మొదటి వరస. ఆ వరసకు ఇంకా పురుగు పట్టలేదు.

నెల తిరిగింది.

తెల్లవారేసరికి కొమ్మ కింద పొట్టు.

చిటికెడు.

పొయ్యి మండుతోంది. చీపురు చేతిలో ఉంది...